ఎల్‌ఎంఏ పెట్టడానికి ఏ మత్తు మందు ఎంచుకోవాలి? డే కేర్ కేసులకు ఒక పోలిక

కావలి, కందుకూరు, కనిగిరి లాంటి ఊళ్లలో నర్సింగ్ హోమ్‌లకు తిరిగి మత్తు ఇచ్చే డాక్టర్లకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. రొమ్ములో గడ్డ తీయడం, డీఎన్‌సీ (గర్భసంచి లోపలి పొర గీకి తీయడం), పిల్లవాడికి హెర్నియా, చేతి ఎముకలో పాత ప్లేటు తీయడం, అన్నీ ముప్పావుగంట లోపు కేసులే. పొద్దున వచ్చిన మనిషి సాయంత్రానికి ఇంటికి పోవాలి. శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయాల్సిన పని లేదు, గొంతులో ఎల్‌ఎంఏ (లారింజియల్ మాస్క్ ఎయిర్‌వే, అంటే స్వరపేటిక మీద కూర్చునే చిన్న మాస్క్ ఉన్న గొట్టం) సరిగ్గా కూర్చుంటే చాలు. అది సాఫీగా కూర్చోవడమూ, పేషంట్ తేరుకుని తన కాళ్ల మీద తాను నడిచి వెళ్లడమూ చాలావరకు నిద్రపుచ్చడానికి మనం మొదట ఇచ్చే ఇండక్షన్ మందు మీదే ఆధారపడతాయి.

నా ఎంపిక ముందే చెప్తాను, కారణాలు తర్వాత. పెద్దవాళ్లలో, వేరే అడ్డంకి ఏదీ లేకపోతే, ముందు కొద్దిగా ఫెంటనిల్ అనే నొప్పి మందు ఇచ్చి ఆ తర్వాత ప్రొపోఫాల్. సూది చూస్తేనే ఏడ్చే పిల్లలకు సెవోఫ్లురేన్ అనే పీల్చే మందు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఎటోమిడేట్. థయోపెంటోన్ మాత్రం ప్రొపోఫాల్ దొరకని రోజుకే, అదీ తోడు మందులతో. కీటమిన్ ఒక్కటే ఇచ్చి ఎల్‌ఎంఏ పెట్టే ప్రయత్నం వద్దు. మత్తు విభాగంలో కొత్తగా చేరిన డాక్టర్లను, వాళ్ల పక్కన నిలబడే ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. డోసులన్నీ వేరే జబ్బులు లేని మనిషికి చెప్పినవి, బల్ల మీద ఉన్న మనిషిని బట్టి మార్చుకోవాల్సిందే.

ఎల్‌ఎంఏకి కావాల్సింది ఏమిటి

ట్యూబ్ వేసేటప్పుడు సక్సామెథోనియం లాంటి కండరాలు సడలించే మందు ఇస్తాం. దవడ, స్వరతంతువులు దానితోనే వదులవుతాయి కాబట్టి ముందు ఏ మందుతో నిద్రపుచ్చినా పెద్ద తేడా కనిపించదు. ఎల్‌ఎంఏకి మామూలుగా ఆ సడలింపు మందు ఇవ్వం. నోరు తెరుచుకోవాలి, మాస్క్ నాలుక వెనక్కి జారుతున్నప్పుడు ఓకరింత, దగ్గు రాకూడదు, స్వరతంతువులు బిగుసుకోకూడదు. ఈ భారమంతా ఇండక్షన్ మందే మోయాలి.

లండన్‌లో ఆర్చీ బ్రెయిన్ ఎల్‌ఎంఏ తొలి నమూనాను 1981లో తయారుచేశారు. బ్రిటన్‌లో అది అమ్మకానికి వచ్చింది 1988లో. ప్రొపోఫాల్ ఇప్పుడు మనం చూసే తెల్లటి రూపంలో 1986లో వచ్చింది. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో చేతికి రావడం ఎల్‌ఎంఏకి బాగా కలిసొచ్చింది. ఎందుకంటే 1934 నుంచి వాడుకలో ఉన్న థయోపెంటోన్ నిద్ర అయితే పట్టిస్తుంది గానీ, గొంతును నిద్రపుచ్చదు.

కొత్తవాళ్లు తొందరపడేది ఇక్కడే. కనురెప్ప వెంట్రుకలు తాకితే రెప్ప కదలడం లేదని వెంటనే నోట్లో మాస్క్ పెట్టేస్తారు. రెప్ప కదలకపోవడం స్పృహ పోయిందనడానికి గుర్తు, అంతే. గొంతు సిద్ధమైందో లేదో దానితో తెలియదు. నేను నమ్మే పరీక్ష దవడ కోణాల వెనక వేళ్లు పెట్టి దవడను గట్టిగా ముందుకు ఎత్తడం. ఆ నొప్పికి చెయ్యో కాలో కదిలిస్తే ఇంకా లోతు చాలలేదని అర్థం. కదలిక లేకుండా దవడ వదులుగా మన వేళ్ల వెంట వస్తే అప్పుడు పెట్టవచ్చు. ఏ మందు ఇచ్చినా ఈ పరీక్ష మారదు. మందును బట్టి మారేది అక్కడికి చేరడానికి పట్టే సమయం, దారిలో వచ్చే ఇబ్బందులు.

ప్రొపోఫాల్

పేషంట్లు పాల ఇంజెక్షన్ అని పిలిచే మందు ఇదే. సోయా నూనె, గుడ్డు సొనలోని లెసిథిన్‌తో చేసిన ఎమల్షన్ కాబట్టి ఆ రంగు. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, 20 మిల్లీలీటర్ల యాంపూల్‌లో మొత్తం 200 మిల్లీగ్రాములు ఉంటుంది.

ట్యూబ్ వేయడానికి కిలోకు 2 మిల్లీగ్రాములు సరిపోయే మనిషికి, తోడు మందు లేకుండా ఎల్‌ఎంఏ పెట్టాలంటే 2.5, ఒక్కోసారి ఇంకా పైన పడుతుంది. యాభై కిలోల ఆమెకు 125 మిల్లీగ్రాములు, అంటే 12.5 మిల్లీలీటర్లు. ముందు ఫెంటనిల్ ఇస్తే 100 మిల్లీగ్రాములతోనే చాలామందిలో పని జరుగుతుంది. పిల్లలకు కిలోకు 2.5 నుంచి 3.5 దాకా కావాలి. అరవై దాటినవాళ్లకు 1 నుంచి 1.5తో మొదలుపెట్టి, నెమ్మదిగా ఎక్కించి, ఆగి చూడాలి. పెద్దవయసులో రక్తం మెల్లగా తిరుగుతుంది కాబట్టి మందు ప్రభావం ఆలస్యంగా కనబడుతుంది. నిద్ర రాలేదేమిటని ఇంకో అయిదు మిల్లీలీటర్లు తోసేస్తే, మొదటి డోసు, రెండో డోసు కలిసి పనిచేసే వేళకు బీపీ పడిపోతుంది.

స్పృహ అర నిమిషంలో పోతుంది, దవడ పూర్తిగా వదులవడానికి ఇంచుమించు నిమిషం నుంచి నిమిషంన్నర పడుతుంది. ఆ అర నిమిషానికీ నిమిషంన్నరకీ మధ్య ఓపిక పట్టడమే ప్రొపోఫాల్ వాడడంలో సగం నైపుణ్యం. ఈలోపు ఊపిరి ఆగవచ్చు, అది ఈ మందు స్వభావం. ముందే మూడు నిమిషాలు ఆక్సిజన్ పట్టించి ఉంటే ఆ విరామం భయపెట్టదు.

దీని లోపాలు మూడు. ఒకటి బీపీ తగ్గడం. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా మధ్యాహ్నం దాకా కూర్చున్న మనిషిలో అది ఇంకా ఎక్కువ. రెండోది చేతిలో మంట. చేతి వెనక సన్నటి నరంలో ఎక్కిస్తే పెద్ద మగవాళ్లు కూడా చెయ్యి లాక్కుంటారు. మోచేతి మడతలో పెద్ద నరం దొరికితే సగం సమస్య తీరినట్టే. దొరక్కపోతే పైచేతికి టోర్నికే కట్టి, తిమ్మిరి మందు లిగ్నోకైన్ 2 శాతం ద్రావణం రెండు మిల్లీలీటర్లు ఎక్కించి, అర నిమిషం నుంచి నిమిషం ఆగి, కట్టు విప్పి ప్రొపోఫాల్ ఇవ్వండి. చాలాచోట్ల చేసేట్టు లిగ్నోకైన్‌ను సిరంజిలోనే కలిపేయడం కూడా పనిచేస్తుంది, కానీ ఇరవై మిల్లీలీటర్లకు ఒక్క మిల్లీలీటరు మించకూడదు, అదీ ఇచ్చే ముందే కలపాలి.

మూడోది శుభ్రత. దీన్ని చిన్న ఓటీల్లో తగినంత పట్టించుకోవడం లేదు, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. నూనె ఎమల్షన్‌లో బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. ఉదయం మొదటి కేసుకు తెరిచిన యాంపూల్‌లో మిగిలింది మధ్యాహ్నం కేసుకు దాచడం, ఒకే సిరంజిలో మందు ఇద్దరికి పంచడం ఎంత మాత్రమూ తగదు. సిరంజిలోకి తీసిన మందు ఆరు గంటలు దాటితే పారేయాలి, ఆ లోపు కూడా ఒకరికి తీసింది ఇంకొకరికి కాదు. ఇంకో మాట, ఇది 25 డిగ్రీలు దాటని చోట ఉండాల్సిన మందు. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండకు, పైగా కరెంటు పోతే, మందుల గది ఎంత వేడెక్కుతుందో అందరికీ తెలుసు. ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు. ఎమల్షన్ విడిపోయి పైన నూనె తేలినట్టు కనబడితే ఆ యాంపూల్ వాడకండి.

ఇన్ని జాగ్రత్తలు ఉన్నా నేను దీన్నే మొదట పెట్టడానికి రెండు కారణాలు. గొంతు ప్రతిచర్యలను ఇంత బాగా అణిచే ఇండక్షన్ ఇంజెక్షన్ మరొకటి లేదు. తేరుకున్నాక తల తేలికగా ఉంటుంది, వాంతులు తక్కువ.

థయోపెంటోన్ ఇంకా ఎందుకు ఉంది

చవక కాబట్టి, అలవాటు కాబట్టి, పొడి వయల్ అల్మారాలో ఏళ్ల తరబడి పాడవకుండా ఉంటుంది కాబట్టి. అరగ్రాము పొడిలో ఇరవై మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ కలిపితే 2.5 శాతం ద్రావణం. కిలోకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు. ట్యూబ్ కేసులకు, మూర్ఛ ఆగని పేషంట్‌కు ఇప్పటికీ మంచి మందే.

ఎల్‌ఎంఏకి వచ్చేసరికి సమస్య మొదలవుతుంది. రెప్ప కదలడం ఆగినప్పుడు కూడా దవడ బిగువుగానే ఉంటుంది. మాస్క్ పెట్టగానే ఓకరింత, దగ్గు, ఒక్కోసారి లారింగోస్పాజం, అంటే స్వరతంతువులు బిగుసుకుని గాలి ఆగిపోవడం. అప్పుడు ఇంకో వంద మిల్లీగ్రాములు, మళ్లీ ప్రయత్నం, మళ్లీ దగ్గు. యాంపూల్ ధర తేడా ఈ రెండో వయల్‌తో, ఆపరేషన్ ఆలస్యంతో, ఆక్సిజన్ తగ్గిన ఆ రెండు నిమిషాల టెన్షన్‌తో ఎప్పుడో తీరిపోతుంది. పైగా ప్రొపోఫాల్ అనేక కంపెనీలు తయారుచేస్తున్న ఈ రోజుల్లో ఆ తేడా మునుపటంత లేదు.

రెండో ఇబ్బంది తేరుకోవడంలో. ఒక్క డోసు తర్వాత కళ్లు తెరవడం పది నిమిషాల్లోనే జరుగుతుంది, అందుకే చాలామంది దీన్ని కూడా త్వరగా దిగే మందు అనుకుంటారు. నిజానికి మందు మెదడులోంచి కండరాల్లోకి, కొవ్వులోకి జరుగుతుంది తప్ప ఒంట్లోంచి పోలేదు. సగం మందు పోవడానికి ఇంచుమించు పన్నెండు గంటలు పడుతుంది. రెండు మూడుసార్లు అదనంగా ఇచ్చినవాళ్లు సాయంత్రం దాకా తూలుతూనే ఉంటారు.

తప్పనిసరై వాడాల్సి వస్తే ఒంటరిగా వాడకండి. 10 శాతం లిగ్నోకైన్ స్ప్రే గొంతులో ముందే కొట్టడం, లేదా కిలోకు 1.5 మిల్లీగ్రాముల లిగ్నోకైన్ నరంలో ఇవ్వడం, దానికి తోడు ఫెంటనిల్, ఇవి ఉంటే థయోపెంటోన్‌తో కూడా ఎల్‌ఎంఏ మర్యాదగానే కూర్చుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు, పోర్ఫైరియా అనే అరుదైన వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లకు వద్దు. మోచేతి దగ్గర పెట్టిన కాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) ధమనిలో లేదని రెండుసార్లు చూసుకోండి. ధమనిలోకి పోయిన థయోపెంటోన్ వేళ్లు కుళ్లిపోయేదాకా తీసుకుపోగలదు.

తోడు మందులు

ఫెంటనిల్ కిలోకు 1 మైక్రోగ్రాము, ప్రొపోఫాల్‌కు రెండు మూడు నిమిషాల ముందు. యాభై కిలోల మనిషికి ఒక్క మిల్లీలీటరు. ప్రొపోఫాల్ ఇచ్చిన తర్వాత తోస్తే ఎల్‌ఎంఏ పెట్టే క్షణానికి అది పూర్తి బలం అందుకోదు, ఊపిరి మాత్రం ఎక్కువసేపు ఆగుతుంది.

అయితే ఫెంటనిల్ అన్నిచోట్లా ఉండదు. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టానికి 2014లో సవరణ వచ్చాక గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దీన్ని తెచ్చుకోవడం సులువైంది. కానీ ఆ గుర్తింపు తీసుకోని చిన్న ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ బదులుగా బ్యుటార్ఫనాల్ అనే నొప్పి మందు 1 మిల్లీగ్రాము వాడతారు. దవడ సడలడం బాగానే ఉంటుంది, బీపీ కూడా అంతగా తగ్గదు. అయితే దాని మగత మూడు నాలుగు గంటలు ఉంటుంది. పొద్దున మొదటి కేసుకు ఫరవాలేదు, మధ్యాహ్నం మూడు గంటల కేసుకు నేను ఇవ్వను. నర్సింగ్ హోమ్ యజమానులు ఎవరైనా ఇది చదువుతుంటే నా విన్నపం ఒక్కటే, ఆ గుర్తింపు కాగితాలు పూర్తిచేయించండి.

మిడజోలం 1 మిల్లీగ్రాము భయపడేవాళ్లకు మేలు చేస్తుంది, ప్రొపోఫాల్ డోసు కూడా తగ్గిస్తుంది. పది నిమిషాల డీఎన్‌సీకి మాత్రం అనవసరం, లేవడం ఆలస్యమవుతుంది.

పిల్లలకు సెవోఫ్లురేన్

వాసన ఘాటుగా ఉండదు, గొంతును రెచ్చగొట్టదు. ఐసోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్‌తో ఈ పని జరగదు, పీల్చగానే దగ్గు. మత్తు యంత్రం గొట్టాలను (సర్క్యూట్) ముందే 8 శాతం సెవోఫ్లురేన్‌తో నింపి, పిల్లవాడు అమ్మ ఒళ్లో ఉండగానే ముఖానికి పెట్టే మాస్క్ దగ్గర పెడితే రెండు మూడు గుక్కల తర్వాత ఏడుపు తగ్గుతుంది. పెనుగులాట దశ ఒకటి మధ్యలో వస్తుంది. అమ్మకు ముందే చెప్పకపోతే ఆమె భయపడిపోతుంది. నిద్రపట్టాక కాన్యులా వేసి, ఆ తర్వాతే ఎల్‌ఎంఏ. దవడ వదులవడానికి ప్రొపోఫాల్ కంటే ఎక్కువ సమయం కావాలి. స్పృహ పోయిన వెంటనే పెట్టబోతే లారింగోస్పాజం తెచ్చుకున్నట్టే. ఈ మందు గొప్పతనం ఊపిరి ఆగకుండా సాగడం.

లోపాలు లేకపోలేదు. నిద్రలేచేటప్పుడు కొందరు పిల్లలు అమ్మను కూడా గుర్తుపట్టకుండా గింజుకుంటారు. చివర్లో కిలోకు 1 మిల్లీగ్రాము ప్రొపోఫాల్ ఇస్తే ఆ గొడవ చాలా తగ్గుతుంది. వాంతులు ప్రొపోఫాల్ కంటే ఎక్కువ. వంశంలో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు జ్వరం విపరీతంగా పెరిగి ప్రాణం మీదకు వచ్చిందని తెలిస్తే ఏ ఆవిరి మందూ వద్దు. పాతకాలపు ఆవిరి మందు హాలోథేన్ వేపరైజర్ ఇంకా పక్కన ఉన్న ఓటీలుంటే, దాన్ని మూలకు పెట్టి సెవోఫ్లురేన్ తెప్పించుకోవడం మేలు. హాలోథేన్‌తో గుండె లయ తప్పుతుంది, అరుదుగా కాలేయం దెబ్బతింటుంది.

ఎటోమిడేట్, కీటమిన్

ఎటోమిడేట్ కిలోకు 0.3 మిల్లీగ్రాములు. బీపీ దాదాపు కదలదు, అదే దీని బలం. కానీ ముందు ఫెంటనిల్, మిడజోలం ఇవ్వకపోతే కాళ్లూ చేతులూ ఎగిరెగిరి పడతాయి, దవడ కూడా బిగుస్తుంది. వాంతులు ఎక్కువ, అడ్రినల్ గ్రంథి పని కొన్ని గంటలు మందగిస్తుంది. అందుకే గుండె జబ్బు లేనివాళ్లకు డే కేర్‌లో దీనితో పని లేదు.

కీటమిన్‌తో లాలాజలం ఊరుతుంది, దవడ వదలదు, గొంతు మేలుకునే ఉంటుంది. ప్రొపోఫాల్‌కు ముందు కిలోకు 0.5 మిల్లీగ్రాములు చేర్చితే మాత్రం వృద్ధుల్లో బీపీ నిలబెడుతుంది, ఆ మేరకు మంచి తోడు.

మన జిల్లాల పేషంట్లు

కనిగిరి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఫ్లోరోసిస్ వల్ల వెన్నెముక గట్టిపడి ఉంటుంది. వెన్నులో సూది దిగక, స్పైనల్ కుదరక చివరి నిమిషంలో జనరల్‌కు, అంటే పూర్తి మత్తుకు మారే కేసులు ఇవే. ఆ తొందరలో ప్రొపోఫాల్ సిరంజి అందుకునే ముందు మెడ పరీక్ష చేయండి. వెన్ను గట్టిపడినవాళ్లలో మెడ కూడా తిరగకపోవచ్చు, తల వెనక్కి వంగకపోవచ్చు, అంటే ఎల్‌ఎంఏ కూర్చోకపోతే ట్యూబ్ వేయడమూ కష్టమే. ఊపిరి ఆపే మందు అక్కడ ప్రమాదం. ఊపిరి సాగుతూ ఉండే సెవోఫ్లురేన్ పెద్దవాళ్లలో కూడా పనికొచ్చే సందర్భం ఇది. మెడ పూర్తిగా బిగుసుకుపోయి ఉంటే, అన్ని పరికరాలూ చేతులూ ఉన్న ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రికి పంపడమే సరైన నిర్ణయం. కిడ్నీ జబ్బు కూడా ఆ ప్రాంతంలో ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ముందుకు పోవద్దు.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో దుమ్ము పీల్చినవాళ్లకు, ఏళ్లుగా బీడీ కాల్చేవాళ్లకు గొంతు ఊరికే రేగుతుంది. వాళ్లకు థయోపెంటోన్ అసలు వద్దు. ప్రొపోఫాల్ డోసు కొంచెం ఎక్కువే పెట్టుకుని, దవడ పరీక్ష అయ్యాక కూడా ఇంకో పావు నిమిషం ఆగండి. దగ్గు మొదలైతే మాస్క్‌ను బలవంతంగా తోయకుండా బయటకు తీసి, నూటికి నూరు శాతం ఆక్సిజన్‌తో దవడ ఎత్తి పట్టుకుని, ప్రొపోఫాల్ ఇంకో రెండు మూడు మిల్లీలీటర్లు ఇచ్చి మళ్లీ ప్రయత్నించండి. సక్సామెథోనియం, అట్రోపిన్ ఎప్పుడూ సిరంజిల్లో తీసి, పేరు రాసి పక్కన ఉండాలి.

ఇక కడుపు సంగతి. ఎల్‌ఎంఏ కడుపులోంచి వచ్చేదాన్ని అడ్డుకోదు, ఏ ఇండక్షన్ మందూ ఈ లోపాన్ని పూడ్చలేదు. ఉదయగిరి నుంచి తెల్లవారుజామున బస్సెక్కిన మనిషిని ఏమైనా తిన్నావా అని అడిగితే "అన్నం తినలా సార్, బస్టాండులో టీ తాగినా, అంతే" అంటారు. పాలు కలిసిన టీ అన్నంతో సమానం, ఆరు గంటలు ఆగాలి. అందుకే తిన్నారా అని కాకుండా, నిద్ర లేచినప్పటి నుంచి నోట్లో ఏం పడిందో వరసగా చెప్పించుకోవాలి. రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు తాగవచ్చని కూడా ముందురోజే ఫోన్‌లో చెప్పండి, ప్రొపోఫాల్‌తో బీపీ పడడం కొంతైనా తగ్గుతుంది.

కేసుల వరస వేసేటప్పుడు కూడా మందును గుర్తుపెట్టుకోవాలి. థయోపెంటోన్ గానీ బ్యుటార్ఫనాల్ గానీ ఇవ్వక తప్పని కేసు ఉంటే దాన్ని మొదట పెట్టండి, ప్రొపోఫాల్, ఫెంటనిల్ కేసులు మధ్యాహ్నానికి ఉంచండి. పంపేముందు పేషంట్ ఎవరి సాయమూ లేకుండా లేచి నాలుగడుగులు వేయాలి, బీపీ స్థిరంగా ఉండాలి, వాంతి, నొప్పి అదుపులో ఉండాలి. వెంట పెద్దమనిషి ఒకరు తప్పనిసరి. ఏ మందు ఇచ్చినా సరే, ఇరవై నాలుగు గంటలు బండి నడపవద్దని, మోటార్ల దగ్గరికి, పొయ్యి దగ్గరికి ఒంటరిగా పోవద్దని వెంట వచ్చినవాళ్లకే చెప్పండి, డిశ్చార్జ్ కాగితం మీద తెలుగులో రాసి కూడా ఇవ్వండి. మత్తు దిగుతున్న మనిషికి మనం చెప్పిన మాట గుర్తుండదు. ఆఖరి బస్సు పోయిందని అంటే ఆ రాత్రికి వార్డులోనే ఉంచండి.